బంకమట్టిలో మెరుపు రేకు

సైదాపురం, ఆదివారం రాత్రి

పాపా,

పులికాట్ అంచున ఖనిజాలు ఏరడానికి క్లాసువాళ్లతో వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో మైకా (అభ్రకం) చీల్చి బతికినవాళ్లే గానీ జియాలజీ చదివినవాళ్లు లేరు. గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు.

టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. వాన కురిసిన మర్నాడు గుంటల్లోకి దిగొద్దు. అక్కడ దొరికే మెత్తటి ఖనిజం జిప్సం సంగతి నీ పుస్తకంలోనే ఉంటుంది. పది మెట్ల మోస్ కొలతలో కాఠిన్యం 2, గోటితో గీస్తే గీత పడుతుంది. సున్నపురాయిలో ఉండే కాల్సైట్ మీద గోరు పనిచేయదు, ఆసిడ్ చుక్క వేస్తే అది పొంగుతుంది, జిప్సం పొంగదు. కానీ అక్కడి మట్టిలో గుల్లముక్కలుంటాయి, అవి పొంగినా నీకు రాయే పొంగినట్టుంటుంది. ముందు కడుగు.

ఇప్పుడు నా తెలివి గురించి విను. అప్పుడు నేను మైకా గనిలో లెక్కలు రాసేవాణ్ణి. సూళ్లూరుపేట వైపు పెళ్లికి వెళ్లా, అదీ అప్పుడు నెల్లూరు జిల్లానే. ఒక రైతు బావి తవ్వుతుంటే నల్ల బంకమట్టిలో బొటనవేలంత అద్దాల్లాంటి రేకులు పడ్డాయి. "మైకానే! పైనే ఇన్ని ఉంటే లోపల ఎంతుందో" అన్నాను. గూడూరు మైకా పలుగురాళ్ల మధ్య దొరుకుతుంది కదా, బంకమట్టిలో ఎలా వచ్చిందని కూడా ఆలోచించలేదు. ఆయన పాడిగేదెను అమ్మి కూలీలను పెట్టాడు.

ఒక రేకు మా అమ్మకు చూపించా. షెడ్డులో మైకా చీల్చీ చీల్చీ ఆమె వేళ్లు పగిలి ఉండేవి. గోటితో పలచగా లేపి, వంచి వదిలింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. "మైకా అయితే మళ్లీ లేస్తుంది నాయనా, ఇది చచ్చిన రేకు" అంది. పొయ్యిలో నిప్పుల మీద పెడితే కాసేపటికి సున్నంలా తెల్లబడి, వేలితో నొక్కగానే పొడైపోయింది. అది జిప్సమని, దాని బరువులో అయిదో వంతు నీళ్లేనని తర్వాత ఎవరో చెప్తే తెలిసింది. మైకా ఆ నిప్పుకి చెక్కుచెదరదు.

ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. వెళ్లేసరికి గుంట నిండా ఉప్పునీళ్లు, కొట్టంలో గుంజ ఖాళీ. ఆయన భార్య పాలు లేని టీ ఇచ్చింది. ఒక్క మాట అనలేదు.

జిప్సం పనికిరానిదని కాదు. వేరుశనక్కాయ ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోలు మనమే చల్లుతాం. కానీ "ఇదేంటి పాపా?" అని రైతులు అడుగుతారు. వంచకుండా, గీయకుండా నోరు తెరిచావంటే తంతాను. "ల్యాబ్‌లో చూసి చెప్తా పెద్దాయనా" అని, నిజంగానే ఫోన్ చేసి చెప్పు. నీకు అబద్ధం రాదు, తొందర మాత్రం నాదే వచ్చింది.

మా అమ్మ మైకా కత్తి మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నా. పిడి వదులుగా ఉంది, గుడ్డ చుట్టి పట్టుకో. ఆసిడ్ సీసా మాత్రం బట్టల మధ్య పెట్టకు.

తాత