హారికా, క్లైంబ్ లెక్క ముందు చేత్తో వెయ్యి

హైదరాబాద్

చి. హారికకు,

మామయ్య ఆశీస్సులు. డిస్పాచ్ (విమాన ప్రయాణాల ప్లాన్ వేసే పని) ట్రైనింగ్‌లో క్లైంబ్ పెర్ఫార్మెన్స్, అంటే విమానం పైకెక్కే సామర్థ్యం లెక్క, మొదలైందనీ, టేబుల్స్ చూస్తే నీకు టెన్షన్‌గా ఉంటోందనీ మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నాను. పక్కన కాగితం, కాలిక్యులేటర్ పెట్టుకుని చదువు. ఇదంతా ఒక్క అలవాటు కోసమే. సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు నీ చేత్తో ఒక అంచనా వేసుకో. అంచనా ఉంటేనే స్క్రీన్ మీద తప్పు అంకె వచ్చినప్పుడు నీకు అనుమానం వస్తుంది. లేకపోతే ఏది వచ్చినా సరైనదిలాగే కనబడుతుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకో. నువ్వు లెక్క కట్టేది ఏ క్లైంబ్? టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగిపోయినా విమానం చట్టం చెప్పినంత ఏటవాలుగా ఎక్కగలదా అనేది ఒక లెక్క. ఎంత బరువుతో బయల్దేరవచ్చో అది చెబుతుంది. రెండు ఇంజన్లూ బాగా పనిచేస్తుండగా క్రూజ్ ఎత్తుకు చేరడానికి ఎంత సమయం, ఎంత దూరం, ఎంత ఇంధనం అనేది ఇంకో లెక్క. ఫ్లైట్ ప్లాన్‌లోకి ఎక్కేది అది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లే కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడతారు.

అలాగే గ్రేడియెంట్ వేరు, రేట్ ఆఫ్ క్లైంబ్ వేరు. మౌలాలి గుట్ట మెట్లు ఎంత నిటారుగా ఉన్నాయన్నది గ్రేడియెంట్. వాటిని నువ్వు ఎంత త్వరగా ఎక్కావన్నది రేట్. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడం తేలికే. గ్రేడియెంట్ శాతాన్ని నాట్స్‌లో (గంటకు నాటికల్ మైళ్లలో) ఉన్న వేగంతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులో దాదాపు వచ్చేస్తుంది. 3.3 శాతం, 180 నాట్స్ అయితే నిమిషానికి 600 అడుగులు. ఇది నోటికి వచ్చేయాలి.

ఇప్పుడు శంషాబాద్‌లో ఒక మే మధ్యాహ్నం తీసుకుందాం. ఎయిర్‌పోర్ట్ ఎత్తు 2,024 అడుగులు. క్యూఎన్‌హెచ్, అంటే సముద్రమట్టానికి సరిచేసిన గాలి పీడనం, 1003 అనుకో. ప్రామాణికమైన 1013కి 10 హెక్టోపాస్కల్స్ తక్కువ, ఒక్కోదానికి 28 అడుగుల చొప్పున కలుపుకుంటే ప్రెషర్ ఆల్టిట్యూడ్ (ప్రామాణిక పీడనం ప్రకారం ఎత్తు) 2,300 అడుగులు. ఆ ఎత్తులో ఐసా (అంతర్జాతీయ ప్రామాణిక వాతావరణం) ప్రకారం ఉష్ణోగ్రత 10.5 డిగ్రీలు ఉండాలి. బయట 42 ఉంది. అంటే ఐసా కన్నా 31 పైనే ఎక్కువ, దీన్నే ఐసా ప్లస్ 31 అంటాం. డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6 వేల అడుగుల దరిదాపుల్లోకి వెళ్తుంది. నేల మీదే నిలబడి ఉన్నా, గాలి పలచదనంలో విమానం ఆరు వేల అడుగుల మీద ఉన్నట్టే.

అక్కడ ఇంజన్‌కు ఏమవుతుందో చూడు. చాలా జెట్ ఇంజన్లు ఐసా ప్లస్ 15 ప్రాంతం దాకా పూర్తి థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇస్తాయి. ఆ పైన టర్బైన్ వేడి పరిమితి అడ్డు వస్తుంది కాబట్టి థ్రస్ట్ తగ్గుతూ పోతుంది. సాధన కోసం గుండ్రటి అంకెలు పెట్టుకుందాం. రెండు ఇంజన్ల విమానంలో ఒకటి ఆగిపోయింది. మిగిలిన ఇంజన్ థ్రస్ట్ విమానం బరువులో 12.5 శాతం, డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) 10.1 శాతం. తీసేస్తే 2.4 శాతం. అదే గ్రేడియెంట్. రెండు ఇంజన్ల విమానానికి, చక్రాలు లోపలికి వెళ్లాక వచ్చే సెకండ్ సెగ్మెంట్‌లో చట్టం అడిగే కనీసం కూడా సరిగ్గా ఇదే. మూడు ఇంజన్లకు 2.7, నాలుగింటికి 3.0.

ఇప్పుడు వేడికి ఆ థ్రస్ట్ 4 శాతం తగ్గిందనుకో. 12.5 కాస్తా 12.0 అవుతుంది. డ్రాగ్ మారలేదు. మిగిలేది 1.9. థ్రస్ట్ పోయింది నాలుగు శాతమే, గ్రేడియెంట్‌లో మాత్రం అయిదో వంతు పోయింది. మళ్లీ 2.4 రావాలంటే బరువు కూడా 4 శాతం తగ్గించాలి. 75 టన్నుల విమానమైతే 3 టన్నులు. అంటే ముప్పై మంది ప్రయాణికులు, వాళ్ల సామాను. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్లైట్లకు లోడ్ ఎందుకు తగ్గిస్తారో ఇకమీదట నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇదే లెక్కలో ఇంకో నిజం ఉంది, దాన్ని బాగా పట్టుకో. రెండు ఇంజన్లూ ఉంటే థ్రస్ట్ 25, డ్రాగ్ 10, మిగిలేది 15 శాతం. ఒకటి ఆగితే 2.4. పోయింది సగం థ్రస్ట్, కానీ ఎక్కే శక్తిలో ఆరో వంతు కూడా మిగల్లేదు. వీ2 (ఒక ఇంజన్ ఆగినా సురక్షితంగా ఎక్కగల వేగం) 145 నాట్స్ అయితే ఆ వేడిలో అసలు వేగం దాదాపు 158. దాన్ని 2.4తో గుణించు. నిమిషానికి 380 అడుగులు. నిండు విమానం, ఒక్క ఇంజన్, నిమిషానికి 380 అడుగులు. ఈ అంకె మనసులో ఉన్నవాళ్లు బరువు దగ్గర ‘ఒక రెండు వందల కిలోలేగా’ అనరు.

మరి బరువు తగ్గించడం ఒక్కటే దారా? కాదు. మన శంషాబాద్‌కు ఒక సౌకర్యం ఉంది. పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) ఎక్కువ దించితే విమానం తక్కువ దూరంలో లేస్తుంది, కానీ డ్రాగ్ పెరిగి ఎక్కడం మందగిస్తుంది. ఫ్లాప్స్ తక్కువ పెడితే పరుగు ఎక్కువ, ఎక్కడం మెరుగు. రన్‌వే ఇంకా మిగిలి ఉంటే వీ1 (టేకాఫ్ ఆపాలా వద్దా తేల్చుకునే వేగం), వీఆర్ (ముక్కు పైకెత్తే వేగం), వీ2 వేగాలు కూడా పెంచి, ఆ మిగులు పొడవును క్లైంబ్ కింద మార్చుకోవచ్చు. దీన్నే ఇంప్రూవ్డ్ క్లైంబ్ అంటారు. ఊరి మధ్యలో ఉన్న బేగంపేటతో పోలిస్తే, 2008 మార్చిలో శంషాబాద్‌కు మారాక మాకు బాగా కలిసొచ్చింది ఇదే. అయితే వేగం పెంచినప్పుడల్లా టైర్ స్పీడ్ లిమిట్, బ్రేక్ ఎనర్జీ లిమిట్ చూసుకో. మనం నడిపే చిన్న జెట్లలో టైర్ హద్దు సాధారణంగా 195 నాట్స్, అదీ నేల మీది వేగం. పలచటి గాలిలో మీటర్ మీద వేగం తక్కువే కనబడుతుంది, చక్రం మాత్రం అంతకన్నా వేగంగా తిరుగుతుంటుంది.

అడ్డంకుల సంగతి. విమానం నిజంగా చేయగల గ్రేడియెంట్‌ను గ్రాస్ అంటారు. రెండు ఇంజన్ల విమానానికి అందులోంచి 0.8 తీసేస్తే నెట్. అడ్డంకి లెక్కలు నెట్ మీదే. 2.4 శాతంతో 3 కిలోమీటర్లు పోతే 72 మీటర్లు ఎక్కుతావు. నెట్ 1.6తో 48 మీటర్లే. ఆ తక్కువ దారి కూడా ప్రతి అడ్డంకినీ 35 అడుగుల ఎడంతో దాటాలి. గాలిని కూడా ఇలాగే జాగ్రత్తగా లెక్కేస్తారు. ఎదురుగాలి వస్తే సగమే లాభంగా తీసుకోవాలి, వెనకగాలి అయితే ఒకటిన్నర రెట్లు నష్టంగా వేసుకోవాలి. సిడ్ చార్ట్ (టేకాఫ్ తర్వాత పోవాల్సిన దారి పటం) మీద ఉండే 3.3 శాతం మాత్రం అన్ని ఇంజన్లూ పనిచేసే మామూలు ప్రయాణానికి. ఇంజన్ ఆగిన విమానం దాన్ని అందుకోలేకపోవచ్చు. దానికి కంపెనీ విడిగా ఇచ్చే ఇంజన్ అవుట్ దారి ఉంటుంది. ఆ కాగితం రన్‌వేవారీగా చూడు. 09 దిశది చూసి 27 దిశకు సరిపెట్టకు.

మా రోజుల్లో ఇదంతా గ్రాఫుల మీదే. కింద ఉష్ణోగ్రత దగ్గర పెన్సిల్ మొన ఆనించి, నిలువుగా ప్రెషర్ ఆల్టిట్యూడ్ గీత దాకా పోయి, అక్కణ్నుంచి అడ్డంగా రిఫరెన్స్ లైన్ దాకా, తర్వాత ఏటవాలు గీతల వెంట జరుగుతూ గాలికి ఒక సవరణ, ఏసీ ప్యాక్‌లకు ఒక సవరణ. స్కేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే వందల కిలోలు మారేవి. నువ్వు గ్రాఫులతో ఉద్యోగం చెయ్యక్కర్లేదు. కానీ నెలకోసారైనా మాన్యువల్‌లోని ఒక గ్రాఫ్ మీద పెన్సిల్ పెట్టి చూడు. ఏ గీత నిటారుగా ఉందో, ఏది పడుకుని ఉందో కంటికి కనబడుతుంది. దేనికి ఎంత బలం ఉందో సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ చూపించదు.

ఇక రెండో లెక్క, క్రూజ్ ఎత్తుకు చేరడం. ఇక్కడ నేను చాలామందిలో చూసిన పొరపాటు ఒకటుంది. నేల మీద ఐసా ప్లస్ 31 ఉందని పై దాకా అదే వేసేస్తారు. ఆకాశం అలా ఉండదు. వేసవిలో మన మీద 18 వేల అడుగుల దగ్గర సాధారణంగా మైనస్ 6, మైనస్ 7 ఉంటుంది. ఐసా ప్రకారం మైనస్ 21 ఉండాలి, అంటే ప్లస్ 15 ప్రాంతం. 36 వేలకు చేరేసరికి తేడా ఇంకా తగ్గి ప్లస్ 10 లోపే ఉండొచ్చు. పుస్తకంలో ట్రోపోపాజ్, అంటే పైకి పోయేకొద్దీ గాలి చల్లబడటం ఆగే ఎత్తు, 36,089 అడుగులు. మన అక్షాంశాల మీద అది 16 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి పుస్తకం చల్లబడటం ఆగిపోతుందన్న చోట మన గాలి ఇంకా చల్లబడుతూనే పోతుంది. ఎత్తులవారీ ఉష్ణోగ్రత తీసుకో, నేల మీదిది పైకి మోసుకుపోకు. బేగంపేట నుంచి వాతావరణ శాఖ వదిలే బెలూన్ రిపోర్టు ఒకసారి తెరిచి చూస్తే ఈ తేడా నీకే తెలిసిపోతుంది.

టేబుల్ చదివేటప్పుడు అది సముద్రమట్టం నుంచి మొదలైందా, బ్రేక్ వదిలిన చోటు నుంచా అన్నది పైన రాసి ఉంటుంది, చదువు. మోటుగా చెప్పాలంటే నిండు చిన్న జెట్ 36 వేలు చేరడానికి 20 నిమిషాలకు పైమాటే, 120 నాటికల్ మైళ్లకు అటూఇటూ, టన్నున్నర నుంచి రెండు టన్నుల ఇంధనం. నీ జవాబు దీనికి చాలా దూరంగా వస్తే ఆగి చూసుకో.

గాలి వల్ల ఎక్కే సమయం, ఇంధనం మారవు, నేల మీది దూరం ఒక్కటే మారుతుంది. క్రూజ్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గరి గాలి తీసుకుంటే చాలు. చలికాలంలో ముంబై వైపు పోతుంటే 24 వేల దగ్గర 45 నాట్స్ ఎదురుగాలి ఉందనుకో. 20 నిమిషాలకు 15 మైళ్లు తగ్గించు, అంతే.

ఎక్కేటప్పుడు వేగం పది వేల అడుగుల దాకా 250 నాట్స్, తర్వాత ఉదాహరణకు 300, ఆపైన మాక్ 0.78 (ధ్వని వేగంలో 78 శాతం). ఈ రెండూ కలిసేది 29 వేల అడుగుల పైచిలుకు. నాట్స్ పట్టుకుని ఎక్కుతున్నంతసేపూ అసలు వేగం పెరుగుతూ ఉంటుంది, అందుకోసం కొంత శక్తి ఖర్చవుతుంది. మాక్‌కు మారగానే వేగం పెరగడం ఆగి, ఆ శక్తి ఎక్కడానికి వస్తుంది. అక్కడ రేట్ కాస్త పెరిగితే కంగారుపడకు, లెక్క సరైందే. వానాకాలంలో 20 వేలు దాటాక మబ్బుల్లో ఇంజన్ యాంటీ ఐస్ (మంచు పట్టకుండా వేడి చేసేది) వేస్తారు, దానికి క్లైంబ్ సవరణ మర్చిపోకు. ఇంజన్ ఆయుష్షు కోసం తగ్గించిన క్లైంబ్ థ్రస్ట్ వాడుతున్నారేమో కూడా కనుక్కో.

అసలు ఇబ్బంది పైనే మొదలవుతుంది. బరువైన విమానం ఆఖరి రెండు వేల అడుగుల్ని నిమిషానికి 400 చొప్పున ఎక్కితే అయిదు నిమిషాలు, 37 మైళ్లు. ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించేవాళ్లు) ‘ఫలానా పాయింట్‌కు ఫలానా లెవల్ అందుకోగలరా’ అని అడిగేది సరిగ్గా అక్కడే. అందదని తెలిస్తే ప్లాన్‌లోనే తక్కువ లెవల్ పెట్టు. కెప్టెన్ గాల్లో ‘వీలుకాదు’ అనాల్సిన పరిస్థితి తెచ్చిపెట్టడం నాకు నచ్చదు.

దగ్గరి ఊళ్లకు లెక్క వేరు. బెంగళూరు నేరుగా 245 నాటికల్ మైళ్లు. దక్షిణానికి కాస్త పడమర దిశ కాబట్టి సరి లెవల్స్ (28, 30, 36 వేల అడుగుల్లాంటివి). 360కి, అంటే 36 వేల అడుగులకు, ఎక్కడానికి 120, దిగడానికి 110. మిగిలేది 15 మైళ్లు, క్రూజ్‌లో రెండు నిమిషాలు! 280తో, 300తో కూడా లెక్క వేసి మూడింటి ఇంధనం పక్కపక్కన పెట్టి చూడు.

ఈ వారం రెండు లెక్కలు వెయ్యి. మే మధ్యాహ్నం ఢిల్లీకి ఒకటి, డిసెంబర్ తెల్లవారుజామున బెంగళూరుకు ఒకటి. ముందు చేత్తో, తర్వాత సాఫ్ట్‌వేర్‌తో. రెండు జవాబులూ ఒకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. ప్రతి ఉష్ణోగ్రత పక్కనా అది ఏ ఎత్తులోదో రాయి. తేడా వచ్చిన చోట గుండ్రంగా చుట్టి పెట్టు, ఆదివారం వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య