పచ్చి మాంసం ముట్టని లాబ్రడార్: మొండితనమా, పంటి నొప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మా లాబ్రడార్ పేరు లడ్డు. నాలుగేళ్లవాడు, బరువు 34 కిలోలు. ఇన్నాళ్లూ పొద్దున ప్యాకెట్ డాగ్ ఫుడ్, రాత్రి పెరుగన్నం పెట్టేవాళ్లం. కుక్కకు అసలైన తిండి పచ్చి మాంసమేనని మా అబ్బాయి వీడియోల్లో చూసి నెల క్రితం ఉన్నట్టుండి మార్చేశాడు. ఫ్రిజ్‌లోంచి తీసిన చికెన్ ముక్కలు, అప్పుడప్పుడు మటన్ నల్లి బొక్క పెడుతున్నాడు. లడ్డు వాసన చూసి పక్కకు వెళ్లిపోతున్నాడు. ‘ఆకలేస్తే అదే తింటాడు, లొంగొద్దు’ అంటాడు మా అబ్బాయి. ఒకసారి రెండు రోజులు ఏమీ తినకుండా పడుకున్నాడు. నేనే ఉండబట్టలేక పెరుగన్నం కలిపి పెడితే గిన్నె నాకేశాడు. ఈ మధ్య బిస్కెట్ ఇచ్చినా తల వంచి ఒక పక్కనే నములుతున్నాడు. ఇంట్లో షుగర్ ఉన్న మా అత్తగారు (72), ఏడాదిన్నర మనవరాలు ఉన్నారు. వాడికి పచ్చి మాంసం ఎలా అలవాటు చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అసలు విషయం చివర్లో, మాటవరసకు రాసినట్టు రాశారు. బిస్కెట్‌ను ఒక పక్కనే నములుతున్నాడన్నారు కదా, నేను అక్కడే ఆగిపోయాను. పచ్చి మాంసం సంగతి తర్వాత చూద్దాం. ముందు వాడి పళ్లు చూడాలి.

పై దవడలో రెండు పక్కలా ఒక్కో పెద్ద పన్ను ఉంటుంది, మాంసాన్ని కత్తెరలా కోసేది. నల్లి బొక్కలాంటి గట్టి ఎముకను కొరికేటప్పుడు ఆ పన్ను నుంచి ఒక చెక్క లేచిపోవడం నా దగ్గరికి వచ్చే కుక్కల్లో తరచూ చూస్తుంటాను. పైకి ఏమీ కనిపించదు. కుక్క మూలగదు, ఏడవదు. ఆ పక్కన నమలడం మానేస్తుంది, అంతే. పెరుగన్నం నమలక్కర్లేదు కాబట్టి మింగేస్తుంది. చికెన్ ముక్కను కొరికి లాగాలి కాబట్టి వద్దంటుంది. ఇంట్లోవాళ్లకు అది ‘నఖరాలు’లాగా కనిపిస్తుంది.

వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు పెదవి పైకెత్తి చూడండి. పన్ను మీద గీత, ముక్క ఊడిన చోటు, చిగురు ఎర్రబడటం, నోటి దుర్వాసన, కంటి కింద చిన్న వాపు వీటిలో ఏది కనిపించినా ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. ఏమీ కనిపించకపోయినా చూపించండి, ఎందుకంటే లోపలి పగులు ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. దగ్గర్లో మంచి క్లినిక్ లేకపోతే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఈలోగా నొప్పి తగ్గాలని ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి. మనం వాడే ఐబుప్రోఫెన్ కుక్క కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది.

ఇంకో మాట. లాబ్రడార్ తిండి వద్దంటే మిగతా కుక్కలకంటే ఎక్కువ అనుమానించాలి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఆకలికి సంబంధించిన ఒక జన్యువులో కొంత భాగం లేకపోవడం గమనించారు. అలాంటి కుక్కకు కడుపు నిండిందన్న సంగతే సరిగా తెలియదు. గిన్నె ముందు నుంచి అది లేచి వెళ్లిపోతే ఆలోచించాల్సిందే. మన దగ్గర టిక్ ఫీవర్ కూడా ఇలాగే మొదలవుతుంది. గోమార్లు కుట్టాక జ్వరం, నీరసం, తిండి మీద విముఖత. చెవుల వెనుక, వేళ్ల సందుల్లో వెతికి చూడండి. పెరుగన్నం కూడా వద్దంటే, లేదా చిగుళ్లు పాలిపోతే ఆలస్యం చేయకుండా రక్త పరీక్ష చేయించండి. లడ్డు పెరుగన్నం గిన్నె నాకేశాడన్నారు కాబట్టి నా అనుమానం పన్ను మీదకే పోతోంది.

ఇక ‘ఆకలేస్తే అదే తింటాడు’ అన్న సలహా. ఇది వీడియోల్లో బాగా చెలామణి అవుతుంది గానీ నేను ఒప్పుకోను. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట తినకపోతే ఏమీ కాదు. ఒక రోజు దాటితే అది శిక్షణ కాదు, జబ్బు ఉందేమో చూడాల్సిన సంగతి. కుక్కపిల్లలకు, పొమెరేనియన్‌లాంటి చిన్న జాతులకు ఒక రోజు పస్తు ఉన్నా రక్తంలో షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. షుగర్ ఉన్న కుక్క ఇన్సులిన్ మీద ఉండి తినకపోతే చెప్పనక్కర్లేదు.

తోడేలు పచ్చిది తింటుంది కాబట్టి కుక్కా తినాలన్నది మీ అబ్బాయి వాదం అయ్యుంటుంది. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతుల్లో ఉంటుందని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. మనుషుల ఇళ్ల చుట్టూ తిరిగి, మన తిండి తింటూ మారిపోయిన జంతువు అది. మీరు పెట్టే పెరుగన్నం వాడికి విషమేమీ కాదు.

పచ్చి మాంసం మీద నా అభిప్రాయం దాచను. వాడి బొచ్చు మెరుస్తుందనీ, మలం తక్కువగా వస్తుందనీ చెప్పేవాళ్లున్నారు. కొన్ని కుక్కల్లో అది నేనూ చూశాను, కానీ ఆ మెరుపు చాలావరకు మాంసంలోని కొవ్వు వల్ల వచ్చేది, ఉడికించినా వస్తుంది. అదే పచ్చిదాంతో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్‌లాంటి బ్యాక్టీరియా ఇంట్లోకి వస్తుంది. కుక్క బాగానే ఉండి, దాని మలంలోనూ నోట్లోనూ అవి ఉండొచ్చు. మీ మనవరాలు ఏడాదిన్నర పిల్ల, నేల మీదే ఆడుతుంది, వాడు మొహం నాకుతాడు. మీ అత్తగారికి షుగర్. ఇలాంటి ఇంట్లో పచ్చి మాంసం వద్దని ఏ పశువైద్యుడైనా చెప్పాలి. అమెరికా పశువైద్య సంఘం 2012లోనే పచ్చి మాంసాహారాన్ని ప్రోత్సహించవద్దని చెప్పింది. ఫ్రీజర్‌లో పెట్టాం కదా అంటారు చాలామంది. ఫ్రీజర్ బ్యాక్టీరియాను నిద్రపుచ్చుతుంది గానీ చంపదు.

మటన్ షాపువాళ్లు కుక్కకని తీసిపెట్టే కార్జం, ఊపిరితిత్తుల ముక్కలు ఇంకా తంటా. గొర్రెలు, మేకల ఈ అవయవాల్లో హైడాటిడ్ తిత్తులు ఉండొచ్చు. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో అవి బద్దెపురుగులవుతాయి, వాటి గుడ్లు మలంలో వచ్చి మనుషులకు చేరితే లివర్‌లో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. బాగా ఉడికిస్తే ఈ బెడద ఉండదు.

అందుకని ఆ చికెన్‌ను ఉడికించే పెట్టమంటాను. వాడికి అలవాటు చేయడమూ సులువే. పన్ను సంగతి తేలాక మొదలుపెట్టండి.

మీ అబ్బాయి చేసిన పొరపాటు ఒక్క రోజులో మార్చేయడం. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ముక్కకు వాసన ఉండదు. కుక్క తిండిని ముందు ముక్కుతో తింటుంది. చేతికి గోరువెచ్చగా తగిలేంత వేడి చేస్తే సగం పని అయిపోతుంది. ముక్కలకు బదులు కైమా కొట్టించండి, చికెన్ షాపులో చెబితే చేసిస్తారు. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ఏదీ వేయకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయకుండా పాత తిండి మీద పోయండి. మొదటి నాలుగైదు రోజులు పాత తిండి మూడొంతులు, కైమా ఒక వంతు. మలం గట్టిగా ఉంటే తర్వాత సగం సగం, ఆ తర్వాత కైమా ఎక్కువ, అన్నం తక్కువ. పది రోజులు అనుకున్నది మూడు వారాలు పట్టినా కంగారు పడొద్దు. విరేచనాలు మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి. మొదటి మూడు వారాలు చికెన్ ఒక్కటే, మటన్ జోలికి పోవద్దు. ఏది పడలేదో తెలియాలి కదా.

గిన్నె పెట్టి పావుగంట చూసి తీసేయండి, తినకపోతే తర్వాత పూటకే మళ్లీ పెట్టండి. మధ్యలో బిస్కెట్లు, రొట్టె ముక్కలు ఇచ్చేది ఎవరో ఇంట్లో కనిపెట్టండి. మీ అత్తగారేమో అని నాకు అనుమానం, పెద్దవాళ్లు ఆగలేరు. ఎండాకాలం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటినప్పుడు కుక్కలు సహజంగానే తక్కువ తింటాయి, కాబట్టి పొద్దున ఆరింటికి, పొద్దుపోయాక పెట్టండి. మిగిలినది అర గంటకు మించి బయట ఉంచకండి.

వాడు 34 కిలోలు. నాకైతే 30 దగ్గర ఉంటే బాగుంటుందనిపిస్తోంది, చూశాకే గట్టిగా చెప్పగలను. ఆ లెక్కన రోజుకు మొత్తం 600 నుంచి 750 గ్రాముల తిండి, రెండు పూటలుగా.

బోన్‌లెస్ చికెన్ ఒక్కటే రోజూ పెట్టడం మాత్రం చేయకండి. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ, ఒకటికి పదిహేను, ఇరవై రెట్లు తేడా. కుక్కకు కావాల్సింది దాదాపు సమానంగా, కాల్షియం కాస్త ఎక్కువగా. కొన్నేళ్ల క్రితం ఒక కుటుంబం జర్మన్ షెపర్డ్ పిల్లను మోసుకొచ్చింది. ఐదు నెలలది, నిలబడలేకపోతోంది. ‘మంచి చికెన్ పెడుతున్నామండీ, ఒక్క ఎముక కూడా లేకుండా’ అన్నారు గర్వంగా. ఎక్స్‌రేలో ఎముకలు పేపరులా ఉన్నాయి, తొడ ఎముక అప్పటికే విరిగింది. పిల్లకు ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే ఒంట్లోని ఎముక కరిగి రక్తంలోకి కాల్షియం చేరుతుంది. లడ్డు పెద్దవాడు కాబట్టి అంత త్వరగా కాదు గానీ, నెలల తరబడి చేస్తే వాడికీ నష్టమే.

కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు అర కిలో బోన్‌లెస్‌కు సుమారు అర టీస్పూన్ కలపొచ్చు. వారానికి రెండు సార్లు కొంచెం చికెన్ లివర్, ఎక్కువైతే విటమిన్ ఎ మోతాదు మించుతుంది. కాస్త గుమ్మడికాయ, క్యారెట్ ఉడికించి కలపండి. జింక్, అయోడిన్, విటమిన్ డి ఇంటి తిండిలో సరిపోవు, వాటికి సప్లిమెంట్ కావాలి. మీ డాక్టరు వాడి బరువు చూసి రాసిస్తారు. ఇదంతా పెద్ద పని అనిపిస్తే పొద్దున డాగ్ ఫుడ్, రాత్రి అన్నంలో ఉడికించిన చికెన్ అన్న పద్ధతిలో ఏ తప్పూ లేదు. నా రోగుల్లో సగం మంది అదే తింటారు.

ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దరిచేరనీయొద్దు. ఆదివారం బిర్యానీ మిగిలితే ఎముకలు వాడికి వేయడం అలవాటుంటే ఆపండి. ఉడికిన ఎముక చీలికలై పేగులో గుచ్చుకుంటుంది, పైగా అందులో ఉల్లి, మసాలా.

చికెన్ తరిగే బోర్డూ కత్తీ వేరే పెట్టుకోండి, వాడి గిన్నె స్టీలుదే వాడి రోజూ సబ్బుతో కడగండి. మనవరాలు ఆ గిన్నె దగ్గరికి వెళ్లకుండా చూడండి. పోయిన నెలంతా వాడి ముందు పచ్చిది పెట్టారు కాబట్టి పళ్లు చూపించే రోజే మలం పరీక్ష కూడా చేయించి, డీవార్మింగ్ మందు అడగండి. ఇంట్లో ఆ నల్లి బొక్కలు ఇంకా మిగిలి ఉంటే ఈ రోజే పారేయండి, మూత ఉన్న డబ్బాలోనే. లాబ్రడార్‌కు ఆ డబ్బా తెరవడం వచ్చు.