కేప్ దున్నకు ఏ బోరు తుపాకి?

ప్రశ్న: మా బావగారు టాంజానియాలో బోరుబావులు వేసే కంపెనీలో పనిచేస్తున్నారు. వచ్చే ఏడాది లైసెన్సు తీసుకొని కేప్ దున్నను (ఆఫ్రికా అడవిదున్నను) వేటాడుదాం రమ్మంటున్నారు. నా దగ్గర లైసెన్సున్న .315 రైఫిల్ ఉంది. బోరు పెద్దదైతే గురి కాస్త తప్పినా జంతువు పడుతుందని, .458 పట్టుకొమ్మని ఆయన వాదన. .375 చాలదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చాలుతుంది. (ఈ అంకెలు బోరును, అంటే తుపాకి గొట్టం లోపలి వ్యాసాన్ని, సుమారుగా అంగుళాల్లో చెబుతాయి.) మీకు నేను .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్‌నే సూచిస్తాను. 1912లో వచ్చిన ఈ తూటా 300 గ్రెయిన్ల గుండును, అంటే సుమారు 19 గ్రాముల బరువును, సెకనుకు దాదాపు 2,500 అడుగుల వేగంతో పంపుతుంది. ప్రమాదకరమైన జంతువుల వేటకు ఆఫ్రికాలో పలుచోట్ల కనీస పరిమితిగా ఎంచుకున్నదీ ఈ స్థాయినే. మీ .315 మాత్రం ఇంట్లోనే ఉండనివ్వండి.

బావగారి వాదనలోనే అసలు ప్రమాదం ఉంది. దున్న గుండెకాయ ముందుకాళ్ళ మధ్య, ఛాతీలో బాగా కిందికి ఉంటుంది. అక్కడ తగలక పొట్టలో దిగిన గుండు .375 పంపే 300 గ్రెయిన్లదైనా .458 పంపే 500 గ్రెయిన్లదైనా, గాయపడిన దున్న పొదల్లోకి దూరుతుంది, దాని వెంట మీరూ దూరవలసి వస్తుంది. 1956లో విన్‌చెస్టర్ సంస్థ తెచ్చిన .458 భుజాన్ని తన్నే తన్ను .375 కంటే చాలా ఎక్కువ. .315కు అలవాటుపడిన మనిషి నాలుగు తూటాలు కాల్చేసరికి, ట్రిగ్గర్ నొక్కకముందే కన్ను మూసి భుజం బిగబట్టడం మొదలుపెడతాడు. బోరులో నీళ్ళు లేకపోతే మోటారు హార్స్‌పవర్ పెంచి లాభం లేదన్న సంగతి బావగారికి మనం చెప్పాలా!

దీనికి విరుద్ధమైన వాదన చేసేవారూ మీకు తగులుతారు. కరమోజో బెల్ అనే వేటగాడు 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తో వందల ఏనుగులను పడగొట్టిన మాట నిజమే. అయితే ఆయన ఏనుగు పుర్రెలో మెదడు ఎక్కడుందో ఏ కోణం నుంచైనా లెక్కగట్టగల మనిషి, వేటే వృత్తిగా బతికినవాడు. మనకు ఆయన కొలబద్ద కాదు.

.375కూ .458కూ నడుమ 1911 నాటి .416 రిగ్బీ ఉంది. దాని గుండు 400 గ్రెయిన్లు. అప్పట్లో తూటాల్లో నింపే కార్డైట్ అనే తుపాకి మందుకు ఎండ వేడిలో పీడనం పెరిగేది కాబట్టి, తూటా గుల్లను కావాలనే విశాలంగా చేశారు. మే నెల కర్నూలు ఎండ ఎరిగినవారికి ఆ జాగ్రత్త వింతగా తోచదు. మన దేశానికీ ఈ బోర్లతో ఒక పాత సంబంధం ఉంది. .450 గుండ్లు తిరుగుబాటుదారుల చేతుల్లోని పాత మార్టినీ-హెన్రీ తుపాకులకు పనికొస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడికి ఆ బోరు దిగుమతిని నిషేధించింది; .465, .470 వంటి వింత అంకెల బోర్లు పుట్టడానికి ఆ నిషేధమే కారణం.

బోరు కంటే గుండు తయారీ మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మొన మెత్తనిది, లోపల సీసం రాగి తొడుగుకు గట్టిగా అతికినది అయితే కండలో విచ్చుకుంటూనే లోతుకు దిగుతుంది. దున్నపై మొదటి దెబ్బకు అది తగినది. అసలు విచ్చుకోని ఘనమైన గుండు ఎముకలను చీల్చుకొని సూటిగా పోతుంది కనుక, పారిపోతున్న దున్నను వెనుక నుంచి కాల్చవలసి వస్తే అదే ఆదుకుంటుంది. ఏనుగు తలకు కూడా అదే వాడతారు. మొదటి గుండుకే ఘనమైనది వాడితే మాత్రం, అది దున్న శరీరం దాటి వెనుకనున్న మరో దున్నకు తగలవచ్చు.

ఇక్కడి నుంచి రైఫిల్ మోసుకెళ్ళే తంటా అవసరం లేదు. వేట ఏర్పాటు చేసేవారు చాలామంది అద్దెకిస్తారు. ఈలోగా మీ .315తోనే రేంజిలో, నిలబడి, మూడు కర్రల ఆసరాపై రైఫిల్ ఆనించి, 50 మీటర్ల దూరంలో సాధన చేయండి. అక్కడికి చేరాక, అద్దె రైఫిల్ మడమ, అంటే భుజానికి ఆనించే వెనుక భాగం, మీ భుజానికి పొడవు కాకుండా ఉందో లేదో చూసి, గురిపలకపై కనీసం పది తూటాలు కాల్చనిదే అడవిలోకి బయలుదేరకండి.