మనవరాలి బడిలో చేపల పండుగ

ప్రశ్న: మా అమ్మాయి కుటుంబం జపానులో ఉంటోంది. మే నెలలో పిల్లల పండుగకని ఏడేళ్ల మనవరాలి బడిలో గుడ్డ చేపలకు రంగులు వేయిస్తున్నారు. అది మగపిల్లల పండుగని ఎవరో అనేసరికి పాప చిన్నబుచ్చుకుంది. ఏం చెప్పమంటారు? పొట్టెక్కల (ఆకుబుట్టల్లో ఉడికించే ఇడ్లీల) బుట్టలకు పనసాకులు పంపాలని కూడా నా ఆశ.
— ఒక అమ్మమ్మ, అంబాజీపేట

జవాబు: అమ్మా, పాపను సంతోషంగా రంగులు వేయమనండి. మే 5 పూర్వం మగపిల్లల పండుగే అయినా, 1948లో చేసిన సెలవుల చట్టం దానిని పిల్లలందరి రోజుగా మార్చి, పిల్లల వ్యక్తిత్వాన్ని గౌరవించడం, వారి సంతోషానికి పాటుపడడం, తల్లికి కృతజ్ఞత తెలుపుకోవడం దాని ఉద్దేశాలని చెప్పింది. తల్లిని కూడా తలచుకోవడం నాకెంతో నచ్చిన మాట. ఆడపిల్లలకు మార్చి 3న మన బొమ్మల కొలువును తలపించే బొమ్మల పండుగ వేరే ఉన్నా, ఇదీ వారిదే.

ఆ చేపలను కొయినొబొరి అంటారు. ఎత్తయిన గెడకు పైన నల్ల చేప, దాని కింద ఎర్రది, ఆ కింద చిన్నవి కడితే, తెరిచిన నోట్లోంచి గాలి దూరి ఒళ్లంతా ఉబ్బి, తోక కొట్టుకుంటూ ఈదుతున్నట్టే కదులుతాయి. మన బొచ్చెకూ శీలావతికీ చుట్టమైన కార్ప్ చేప ఏటికి ఎదురీది, జలపాతమెక్కి డ్రాగన్ అయిందన్న చైనా కథ దీనికి మూలం. గోదావరి బిడ్డకు ఇది కొత్త కథ కాదు. సముద్రంలో విలస అనిపించుకున్న చేపే వరదనీటికి ఎదురీది మన గోదావరిలోకి వచ్చి పులస అవుతుందని మీరే చెప్పండి. పాప బడిలో తన చేపకు వేసే రంగుల్లో ఆ వెండి పొలుసుల మెరుపు కూడా కలుపుకుంటుంది.

పనసాకులు మాత్రం పంపవద్దు. మొక్కల భాగాలకు అక్కడ తనిఖీలు కట్టుదిట్టంగా ఉంటాయి, ధ్రువపత్రం లేకపోతే రానివ్వరు. ఆ పండుగకు వాళ్లూ తీపి ముద్ద పెట్టిన బియ్యప్పిండి ఉండను ఓక్ జాతి ఆకులో చుట్టి తింటారు. కొత్త చిగురు వచ్చేదాకా పాత ఆకు రాలదు కనుక వంశం నిలుస్తుందని వారి నమ్మకం. అందుకే ఆకుబుట్ట సంగతి చెబితే అక్కడి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఆకుపచ్చ కాగితంతో 4 పనసాకులు కత్తిరించుకోమని పాపకు చెప్పి, మీరు అసలు ఆకులతో ఫోనులో ఒక్కొక్క ఈనెపుల్లా గుచ్చి చూపించండి. మే 5 సెలవు కాబట్టి బడిలో వేడుక ముందే జరుగుతుంది. అమ్మాయిని తేదీ అడిగి, ఈ వారమే మొదలుపెట్టండి.