అడవికి నిప్పు పెడితే గడ్డి బాగా వస్తుందా?

ప్రశ్న: మాది నల్లమల అంచు ఊరు. ఏటా మార్చిలో మావాళ్లు అడవిలో ఎండిన బోదగడ్డికి నిప్పు పెడతారు. కాలిస్తేనే చిగురు గడ్డి వస్తుందని, పిడుదులు చస్తాయని మా నాన్న అంటాడు. ఫారెస్టువాళ్లేమో కేసు పెడతామంటున్నారు. ఎవరి మాట నిజం?
– ఓ రైతు, నంద్యాల జిల్లా

జవాబు: మీ నాన్నగారి మాట కొట్టిపారేయకండి. ఈ పంచాయితీ నూట యాభై ఏళ్ల నాటిది. 1860లలో మధ్య భారతంలోని సత్పురా కొండల్లో, బోరి అడవిలో బ్రిటిష్ అటవీ అధికారి కల్నల్ పియర్సన్ మంటలను పూర్తిగా ఆపే ప్రయత్నం మొదలుపెట్టాడు. మేతకోసమో, ఇప్పపువ్వు ఏరుకోవడానికో కాల్చుకునే జనం అప్పటినుంచి దోషులయ్యారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన వైపూ అది నేరమైంది.

బర్మా టేకు అడవుల్లో మాత్రం లెక్క తప్పింది. మంటలు ఆపిన చోట వెదురు, తుప్పలు కమ్మేసి టేకు మొలకలు పైకి లేవలేదు. 1890లలో అటవీ అధికారులే కొందరు 'ఇది అతి' అని రాశారు. తర్వాత కొన్నిచోట్ల ఎండలు ముదరకముందే తక్కువ సెగతో కాల్చే పద్ధతికి వచ్చారు. హిమాలయాల్లోని కుమావూలో మేత హక్కులు బిగించేసరికి 1921లో జనం సర్కారు పైన్ అడవులు తగలబెట్టారు. తమ గొడ్లకు ఆకు మేతనిచ్చే ఓక్ అడవుల జోలికి మాత్రం పెద్దగా పోలేదు. ఊరివాళ్లను కలుపుకోకుండా అడవిని కాపాడలేమని నేను నమ్మేది అందుకే.

కానీ మీ మార్చి మంట వేరు. అప్పటికి గడ్డి, ఆకు పెళపెళలాడుతుంటాయి, సెగ ఎక్కువ. చిగురు వచ్చే మాట నిజమే, మెత్తగానూ ఉంటుంది, కొద్ది వారాలే. నేలకు చేరాల్సిన నత్రజని చాలావరకు పొగలో పోతుంది. కిందటేడు ఓ కాలిన చోట కూర్చుని చూశాను: జానెడు ఇప్ప మొలకలు అగ్గిపుల్లల్లా మాడిపోయాయి, బోద దుబ్బులు మాత్రం పచ్చగా లేస్తున్నాయి. మంట పెట్టేకొద్దీ ముతక గడ్డే మిగులుతుంది. నేలమీది పిడుదులు కొన్ని చస్తాయి కానీ గొడ్డు ఒంటిమీదివి చావవు, వాటికి పశువైద్యుడి మందే వాడాలి.

రిజర్వు ఫారెస్టులో మీరు నిప్పు పెట్టొద్దు. ముందుగా కాల్చాల్సి వస్తే అది ఫారెస్టువాళ్లే చేయాలి. అనుమతి తీసుకుని, పూత దశలోనే గడ్డి కోసుకోండి. ఇప్పచెట్టు కింద ఆకు కాల్చకుండా ఊడ్చండి.

వేసవి మేతకు 100 కిలోల వరిగడ్డిపై 4 కిలోల యూరియా కలిపిన 50 లీటర్ల నీళ్లు పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా పట్టాతో మూడు వారాలు కప్పండి. తీశాక కాసేపు ఆరబెట్టి మేపండి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు.