కథల స్ఫూర్తితో గీసిన బొమ్మలు అమ్ముకోవచ్చా?

ప్రశ్న: నేను బొమ్మలు గీస్తాను. భేతాళ కథలు, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ వంటి పాత ఇంగ్లీషు భయానక నవలలు, హాలీవుడ్ అంతరిక్ష సినిమాలు నాకు చాలా ఇష్టం. వాటి స్ఫూర్తితో గీసినవాటిని ప్రింట్లు తీయించి ఆన్‌లైన్‌లోనూ, హైదరాబాద్‌లో జరిగే కామిక్ ప్రదర్శనల్లోనూ అమ్మాలనుకుంటున్నాను. ప్రస్తుతం జీవించి ఉన్న ఒక తెలుగు రచయిత హారర్ నవలను బొమ్మల కథగా వేయాలనే కోరిక కూడా ఉంది. ముప్ఫై శాతం మార్పులు చేస్తే కాపీరైట్ సమస్య రాదని మిత్రులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముప్ఫై శాతం అన్న మాటను ముందుగా మనసులోంచి తీసేయండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలో అటువంటి కొలత ఎక్కడా లేదు. ఎంత మార్చారన్నది కాదు, ఇతరుల సృష్టిలోంచి ఏం తీసుకున్నారన్నదే న్యాయస్థానం చూస్తుంది.

ఈ విషయంలో ఇప్పటికీ ఆధారంగా నిలిచేది 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తన నాటకాన్నే సినిమాగా తీశారంటూ ఒక నాటక రచయిత వేసిన దావా అది. ఆలోచనకు, ఇతివృత్తానికి, పురాణ చరిత్రల్లోని సంగతులకు కాపీరైట్ ఉండదనీ, వాటిని ఒక రచయిత వ్యక్తం చేసిన తీరుకే రక్షణ ఉంటుందనీ, రెండింటినీ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దానికి నకలేనన్న అభిప్రాయం నిస్సందేహంగా కలిగినప్పుడే ఉల్లంఘన అవుతుందనీ కోర్టు చెప్పింది. ఆ కేసులో నాటక రచయిత ఓడిపోయారు. కాబట్టి కాలయంత్రం, గ్రహాంతరవాసుల దండయాత్ర, రక్తం తాగే జమీందారు, పాడుబడ్డ బంగళాలో దయ్యం – ఇవి ఎవరి సొత్తూ కావు. వాటిని మీ ఊహతో, మీ గీతతో ధైర్యంగా గీసుకోవచ్చు.

చిక్కంతా మన మనసులో ముందే ముద్రపడిన రూపాలతోనే వస్తుంది. భేతాళ కథలు పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలోనే ఉన్నాయి గనుక ఆ కథల మీద ఎవరికీ హక్కు లేదు. కానీ ఒక చేత కత్తి పట్టి, భుజాన శవంతో శ్మశానంలో నడిచే విక్రమార్కుణ్ణి మనలో చాలామంది చూసింది ‘చందమామ’లో, చిత్రకారుడు శంకర్ గీతలో. ఆయన 2020లో కన్నుమూశారు. మన దేశంలో రచయిత లేదా చిత్రకారుడు మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్లపాటు కాపీరైట్ కొనసాగుతుంది కాబట్టి, ఆ హక్కు నేడు ఎవరి చేతిలో ఉన్నా, ఆయన బొమ్మలకు 2080 చివరి వరకూ రక్షణ ఉంటుంది. రాజును, శవాన్ని, చెట్టును మీరు గీయవచ్చు. ఆ భంగిమను, ఆ కూర్పును చూసి దించకూడదు.

‘ఫ్రాంకెన్‌స్టైన్’ సంగతీ ఇంతే. 1818లో వెలువడిన ఆ నవల రచయిత్రి మేరీ షెల్లీ 1851లోనే మరణించారు గనుక నవల అందరిదీ. అయితే చదునైన నడినెత్తి, మెడకు ఇరువైపులా బోల్టులు నవలలో లేవు. అవి 1931 నాటి హాలీవుడ్ సినిమాలో వేసిన మేకప్. నవలలోని జీవికి పసుపుపచ్చని చర్మం, నిగనిగలాడే పొడవాటి నల్లని జుట్టు, తెల్లని పళ్లు, నల్లని పెదవులు ఉంటాయి. ఆ సినిమాకు అమెరికాలో 95 ఏళ్ల లెక్కన 2026 చివరి వరకు రక్షణ ఉంది. మీ ప్రింట్లు ఆన్‌లైన్‌లో అక్కడి కొనుగోలుదారులకు చేరితే అక్కడి చట్టమూ అడ్డు రావచ్చు. అందుకే నా సలహా ఒక్కటే: గూగుల్‌లో బొమ్మలు వెతికి కాక, మూల గ్రంథాన్ని చదివి గీయండి. చట్టపరంగా అది క్షేమం. కళాపరంగానూ అదే మేలని నా నమ్మకం.

అంతరిక్ష సినిమాల పాత్రలను గుర్తుపట్టేలా గీసి అమ్మడం మాత్రం వద్దు. అంతర్జాతీయ ఒప్పందాల వల్ల విదేశీ రచనలకూ ఇక్కడ రక్షణ ఉంది. పాత్రకు కూడా రక్షణ ఉండవచ్చని 2016లో బొంబాయి హైకోర్టు ‘దబంగ్’ హిందీ సినిమాలోని పోలీసు చుల్‌బుల్ పాండే పాత్ర విషయంలో సూత్రప్రాయంగా అంగీకరించింది. సినిమా పేరు, లోగో వాడితే ట్రేడ్‌మార్క్ చిక్కు అదనం. అభ్యాసం కోసం ఇంట్లో గీసుకోవడానికి సెక్షన్ 52 కింద వ్యక్తిగత వినియోగపు మినహాయింపు ఉంది, కానీ అది అమ్మకానికి వర్తించదు. ‘ఫ్యాన్ ఆర్ట్’ అనో, ‘హక్కులు వారివే’ అనో కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు.

ఇక తెలుగు నవల. కథను పూర్తిగా గానీ ప్రధానంగా గానీ బొమ్మల ద్వారా పుస్తకానికో పత్రికకో అనువుగా చెప్పడం ‘అనుసరణ’ కిందికి వస్తుందని సెక్షన్ 2లోనే స్పష్టంగా ఉంది. ఆ హక్కు కాపీరైట్ యజమానిదే. మాటలన్నీ మీరే కొత్తగా రాసినా అనుమతి తప్పదు. రచయితకే నేరుగా ఉత్తరం రాయండి, బొమ్మల కథ హక్కు తన వద్దే ఉందా, ప్రచురణకర్తకు ఇచ్చారా అని అడగండి. ఆయన ఫోన్‌లో సంతోషంగా ‘వేసుకోమ్మా’ అన్నా సరిపోదు, అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఏ భాషలో, అచ్చులోనా ఆన్‌లైన్‌లోనా, రాయల్టీ ఎంత అన్నవి అందులో రాయించుకోండి. కాలం రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టు చట్టం భావిస్తుంది కనుక, విదేశాల్లోని తెలుగువారికి అమ్మే ఆలోచన ఉంటే ఆ మాట విడిగా చేర్చాలి. అనుమతి ఇచ్చాక కూడా తన ప్రతిష్ఠకు భంగం కలిగించే మార్పులను అభ్యంతరపెట్టే హక్కు సెక్షన్ 57 కింద రచయితకు ఉంటుంది గనుక, ముగింపు మార్చదలిస్తే ముందే చూపించండి.

తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కాబట్టి ఆ పత్రం మీద సంతకం పడేవరకు నవల బొమ్మలను మీ దగ్గరే ఉంచుకోండి, ఒక్క పేజీ కూడా ప్రచురించవద్దు.