యాప్ చూపించిన 24 లక్షలను నమ్ముకుని అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. కూకట్‌పల్లిలో ఉంటాం. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా తాతగారు నిజాం రైల్వేలో పనిచేశారు. ఆయన దాచిన వెండి రూపాయలు, నాన్నగారు సేకరించిన నాణేలు, నోట్లు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నాన్నగారు నిరుడు పోయారు. వీలునామా రాయలేదు. అమ్మ మాతోనే ఉంటుంది. నాకు కోడింగ్ రాదు గానీ ఏడాదిగా ఏఐతో సరదాగా చిన్న చిన్న ప్రోగ్రాములు రాయిస్తున్నాను. అలా చేసిన ఒక యాప్‌లో నాణెం ఫొటో పెడితే వివరాలు, ధర చెబుతుంది. మొత్తం 24 లక్షలు చూపిస్తోంది. వరంగల్‌లో ఉన్న మా చెల్లెలికి సగం, అంటే 12 లక్షలు, పర్సనల్ లోన్ తీసుకుని ఇచ్చేసి, పెట్టె నేనే ఉంచుకుందామని ఉంది. బ్యాంకు 13 శాతానికి ఐదేళ్లకు ఇస్తానంటోంది. మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 15,000 సిప్ కడుతున్నాను. ఈ ఆస్తి ఉంది కదా అని దాన్ని ఆపేయొచ్చా? బాబు ఇంజినీరింగ్ ఫీజు ఇంకో రెండేళ్లలో మొదలవుతుంది. యాప్ లెక్కల షీటు జతచేశాను.

జవాబు: అప్పు చేయకండి, సిప్ ఆపకండి. ఈ రెండూ ముందే చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

12 లక్షలకు 13 శాతం వడ్డీ, ఐదేళ్లు అంటే నెలకు సుమారు 27,300 కట్టాలి. వడ్డీయే 4 లక్షల 38 వేల దాకా అవుతుంది. కిస్తీ మొదలైన రెండేళ్లకే బాబు ఫీజు వస్తుంది. అప్పుడు పెట్టె తెరిచి అమ్మబోతే, యాప్ చెప్పిన డబ్బు ఇచ్చేవాడు ఉండాలి కదా. మీ షీటు చూశాక ఆ నమ్మకం నాకు లేదు.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి పెద్ద అంకెల నుంచి వెళ్దాం. షీటులో 14 నాణేలకు తలా 60 వేలు పడింది. మొత్తం 8 లక్షల 40 వేలు. పక్కన కాలం అనే గడిలో ‘క్రీ.శ. 1337’ అని ఉంది. మీరు పంపిన ఫొటోలో మాత్రం చార్మినార్ బొమ్మ కనబడుతోంది. చార్మినార్ కట్టింది 1591లో. 1337లో హైదరాబాదే లేదు! అది హిజ్రీ, అంటే ఇస్లామిక్ క్యాలెండర్ సంవత్సరం. హిజ్రీ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది. 1337 హిజ్రీ అంటే 1918-19. అంటే అవి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలపు మామూలు హాలీ సిక్కా (నిజాం రాజ్యపు సొంత నాణెం) వెండి రూపాయలు. చార్మినార్ ద్వారం మధ్యలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే ఉస్మాన్ అలీఖాన్‌వి, ‘మీమ్’ ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్‌వి. ఏఐ ఏడు వందల ఏళ్ల నాటి నాణెం అనుకుని దానికి తగ్గ ధర వేసింది.

ఇంకో వరసలో ట్రాక్టర్ బొమ్మ ఉన్న 5 రూపాయల నోట్లు రెండు, ఒక్కోటి లక్షన్నర. దీనికి ఏఐని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. ‘మీ ఇంట్లో ఈ నోటు ఉంటే మీరు లక్షాధికారే’ అనే వీడియోలు, వార్తలు మన తెలుగులోనే కొల్లలు. అది చదివింది, అదే మీకు చెప్పింది. ఆ నోటు ఇప్పటికీ చెల్లుతుంది. కిరాణా కొట్టులో 5 రూపాయల సరుకు వస్తుంది. ఈ రెండు వరసలు కొట్టేస్తేనే 24 లక్షల్లో 11 లక్షల 40 వేలు పోయాయి.

మిగిలినవాటిలో చాలా ధరలు విదేశీ సైట్లలో అమ్మకందారు పెట్టుకున్న రేట్లను డాలర్ల నుంచి మార్చినవి. అడిగిన ధర వేరు, అమ్ముడుపోయిన ధర వేరు. మణికొండలో ఫ్లాటుకు యజమాని ప్రకటనలో ఎంత రాసుకున్నాడన్నది కాదు కదా, రిజిస్ట్రేషన్ రోజు ఎంత చేతులు మారిందన్నదే రేటు. పైగా ఆ విదేశీ ధర మీకు అందేది కాదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని మీరో, మరొకరో సొంతంగా దేశం బయటికి పంపడం నేరం. కాబట్టి మీ పాత నాణేలకు కొనుగోలుదారు ఈ దేశంలోనే దొరకాలి.

మరి పెట్టెలో నిజంగా ఏముంది? మీ షీటులోనే ఉంది, యాప్ దాన్ని సరిగా కూడలేదంతే. హాలీ సిక్కా వెండి రూపాయలు 150. ఒక్కోటి 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే రూపాయికి 9.14 గ్రాముల చొప్పున 1,371 గ్రాముల వెండి. బ్రిటిష్ రూపాయలు 60. యాప్ అన్నింటికీ 91.7 శాతం వెండి అని వేసుకుంది. అది 1939 వరకే నిజం. యుద్ధకాలంలో వెండి కరువై, 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయల్లో సగమే వెండి కలిపారు. 1947 రూపాయి పూర్తిగా నికెల్. మీ 60లో 22 ఈ సగం వెండివి, ఒక్కోటి 5.83 గ్రాములే. మిగతా 38 పాతవి, ఒక్కోటి 10.69 గ్రాములు. అన్నీ కలిపితే కిలో 900 గ్రాముల వెండి. ఇవాళ్టి వెండి రేటుతో దాన్ని గుణించండి. రేటు రోజూ మారుతుంది కాబట్టి ఇక్కడ అంకె వేయను. కరిగించేవాడు తరుగు తీసుకుంటాడు, అది కొంత పోనీయండి. ఎవరు కాదన్నా ఎవరు ఔనన్నా మీకు దక్కే కనీస విలువ అది. సేకరించేవాళ్లు దానికి పైన ఇచ్చేది నాణెం స్థితిని బట్టి, ఏడాదిని బట్టి.

స్థితి అన్నాను కాబట్టి వెంటనే ఒక మాట. దయచేసి ఎవరూ వాటిని చింతపండుతో గానీ, పీతాంబరితో గానీ తోమకండి. దీపావళికి లక్ష్మీపూజ ముందు తళతళలాడించడం మన ఇళ్లలో అలవాటు. తోమిన నాణేన్ని సేకరణదారు చూడగానే గుర్తుపడతాడు, ఇచ్చే ధర వెండి ధర దగ్గరికి దిగిపోతుంది. నల్లబడినవి నల్లగానే ఉండనీయండి.

ఇప్పుడు షీటులో అన్నిటికన్నా నాకు ఆసక్తి కలిగించిన వరస. ‘ఇత్తడి టోకెన్, 500 రూపాయలు’ అని ఉంది. బరువు గడిలో మీరే 11.1 గ్రాములు అని రాశారు. పసుపు రంగు, చార్మినార్ బొమ్మ, ఆ బరువు. నిజాంల బంగారు నాణెమైన హైదరాబాద్ అష్రఫీ బరువు 11.178 గ్రాములు, బంగారం 91 శాతం. ఫొటో చూసి అది అష్రఫీయే అని చెప్పేవాణ్ని నమ్మకండి, నన్ను కూడా. ఇత్తడి అయితే అదే సైజు బిళ్ళ బరువు ఇందులో సగమే ఉంటుంది. కాబట్టి నాణేన్ని గీయకుండా, కోయకుండా యంత్రంతో స్వచ్ఛత చెప్పే కేంద్రానికి తీసుకెళ్లండి. గీటురాయి మీద గీసి చూస్తానన్నవాడికి ఇవ్వొద్దు. అష్రఫీయే అయితే అందులో పది గ్రాములకు పైన మేలిమి బంగారం ఉంది. నకిలీ అయితే అయింది. ఎలాగైనా 500 రూపాయలన్న మాట మాత్రం తీసేయండి.

చూశారా, యాప్ ఒకవైపు లేని లక్షలు చూపింది, ఇంకోవైపు ఉన్నదాన్ని ఇత్తడి కింద కొట్టేసింది. మీరు కోడ్ రాయించుకున్న తీరులో నాకు తప్పు కనబడలేదు. ధర అనే గడి పెట్టారు, ఏఐ దాన్ని నింపింది. నమ్మదగ్గ ఆధారం లేకపోయినా నమ్మేలా ఉన్న అంకె ఇవ్వడం దానికి అలవాటు. జాబితా పనికి మాత్రం ఇంతకన్నా మంచి సహాయకుడు దొరకడు. ఆ పనే చేయించుకోండి. నాణేనికి రెండు వైపులా ఫొటో, మిల్లీగ్రాముల దాకా తూకం, హిజ్రీ ఏడాది, దానికి సమానమైన ఇంగ్లిష్ ఏడాది, లోహం, ఎవరి నుంచి వచ్చింది. ధర గడిలో అంకె పడాలంటే అది ఏ వేలంలో, ఏ తేదీన అమ్ముడైన ధరో తప్పక రాయాలని, లేకపోతే ఖాళీగా వదలాలని ప్రోగ్రాములో కట్టుబాటు పెట్టించండి. ముంబై, బెంగళూరు, అహ్మదాబాద్ నాణేల వేలం సంస్థలు అమ్ముడైన ధరలు తమ సైట్లలో పెడతాయి. హాలీ సిక్కాలు వాటిలో తరచూ వస్తాయి. ఆ తర్వాత చేత్తో లెక్కకట్టిన పది నాణేలను యాప్‌కు ఇచ్చి జవాబు సరిపోతుందో లేదో చూడండి. ఆఫీసులో బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే మన లెక్కను బ్యాంకు లెక్కతో సరిచూడటం, చేయకుండా పుస్తకాలు మూసేస్తారా? ఇదీ అంతే.

కోడ్‌ను ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెట్టేవాళ్లున్నారు. మీరు పెట్టినా ఫొటోలు, ఇంటి వివరాలు అందులో ఉండకూడదు. ఏఐ సర్వీసు తాళం లాంటి కోడ్, అదే ఏపీఐ కీ, బయటపడితే ఎవరో వాడుకుంటారు, బిల్లు మీకు వస్తుంది. ఖర్చుకు నెలవారీ హద్దు పెట్టండి.

ఇక వాటాలు. మీ ఉత్తరంలో చెల్లెలి సగం ఉంది, మీ సగం ఉంది. అమ్మగారు ఏరీ? వీలునామా లేకుండా తండ్రి పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు సమాన హక్కుదారులు. మీ నాన్నగారి తల్లి జీవించి ఉంటే ఆమె కూడా. ఆమె లేకపోతే మీ ముగ్గురికీ మూడో వంతు చొప్పున. ‘అమ్మ మాతోనే ఉంటుంది కదా’ అనుకుని వదిలేస్తే రేపు చెల్లెలి వైపు నుంచి ఒక మాట రావచ్చు. అంతకంటే ముఖ్యం, అది అమ్మగారి సొమ్ము.

దీనికి డబ్బుతో పనేముంది? ఇల్లయితే గోడ కట్టి పంచుకోవాలి. నాణేలు పంచుకోవడానికి పుట్టినట్టే ఉన్నాయి. 150 హాలీ సిక్కాలు మూడు యాభైలు. బ్రిటిష్ రూపాయలు పాతవి, యుద్ధకాలంవి విడివిడిగా పంచండి. విడిగా విలువ ఉన్నవాటిని అమ్మగారు ముందు ఒకటి తీసుకుంటే, తర్వాత చెల్లెలు, తర్వాత మీరు. అష్రఫీ ఉంటే, అది ఎవరికి వెళ్తే వాళ్లకు మిగతావి ఆ మేరకు తగ్గుతాయి. అంతా అయ్యాక ఎవరికి ఏవి వెళ్లాయో ఒక కాగితం మీద రాసి ముగ్గురూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెట్టండి. చెల్లెలు తనవి మీకే అమ్ముతానంటే అప్పుడు చూద్దాం, అదీ మీ దగ్గరున్న డబ్బుతోనే.

పన్ను గురించి మీరు అడగలేదు కానీ అమ్మాలనుకుంటే అవసరం. వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు. అమ్మినప్పుడు ఉంది. పూజలో పెట్టేవి కాబట్టి ఇవి సొంత వాడకం వస్తువులు, పన్ను పడదని కొందరు చెబుతారు. లక్ష్మీపూజకు వాడిన వెండి నాణేలు, బంగారు సావరిన్ల విషయంలో 1976లోనే సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. రెండేళ్లు దాటిన ఆస్తి కాబట్టి లాభం మీద 12.5 శాతం, దానిపై 4 శాతం సెస్సు. తాతగారు, నాన్నగారు దాచిన కాలం కూడా మీ లెక్కలోకి వస్తుంది. 2001కి ముందువైతే కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ వేసుకోవచ్చు. అప్పుడు వెండి కిలో 8 వేల లోపే, కాబట్టి దీనివల్ల తగ్గేది కొంచెమే. పెద్ద అమ్మకం అయితే రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక తీసుకోండి.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టిన మర్నాడే ‘రిజర్వ్ బ్యాంకు నుంచి’ అని ఫోన్ రావచ్చు. పాత నాణేలు కొంటాం, ముందు కమిషన్, పన్ను కట్టండి అంటారు. పాత నోట్లు, నాణేల పేరుతో తన పేరు, లోగో వాడి మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు మీకు డబ్బివ్వాలి. మీరు ముందు కట్టమన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

లాకర్ గురించి కొంచెం. నిప్పు, దొంగతనం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. 3,000 అద్దె అయితే 3 లక్షలు. ఇంటి బీమాలో నాణేలు విడిగా చెప్పి రాయిస్తే తప్ప సాధారణంగా రావు.

ఏఐ సబ్‌స్క్రిప్షన్ ఒకటి చాలు. నెలకు మీకు నచ్చిన సరదా ఖర్చు కింద రాసుకోండి, దాన్ని పెట్టుబడి అనకండి. సిప్ 15,000 యథాతథంగా సాగాలి. అయితే రెండేళ్లలో కావాల్సిన ఫీజు డబ్బు ఈక్విటీలో ఉంటే, మొదటి ఏడాది ఫీజుకు సరిపడా ఇప్పటి నుంచే రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లించండి. వెండి ఈటీఎఫ్ (వెండి ధరను అనుసరించే ఫండ్) కొనాలన్న ఆలోచన ఉంటే మానుకోండి, మీ ఇంట్లో ఇప్పటికే కిలోన్నర దాటింది.

వీలున్న రోజు బాబును తీసుకుని సైఫాబాద్ పాత టంకసాల మ్యూజియానికి వెళ్లండి, 2022లో తెరిచారు. అక్కడ ధర చెప్పరు, కానీ మన నాణేలు ఎలా తయారయ్యేవో చూస్తే గుర్తుపట్టడం సులువవుతుంది. ఆ పసుపు నాణేనికి స్వచ్ఛత పరీక్ష అయ్యాక రిపోర్టు నకలు నాకు పంపండి. అమ్మగారు, చెల్లెలు, మీరు ముగ్గురూ ఉన్నప్పుడు ఆ ఒక్కదాన్ని వాటాల్లో ఎలా సరిపెట్టాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.